లక్క పలకల మీద పద్యాలు: రికార్డు ఆల్బం పుట్టుపూర్వోత్తరాలు

ప్రపంచాన్ని ఊపేసిన బీటిల్స్ బృందం పాటలు 1960లలో కలకత్తా శివారులోని డమ్‌డమ్ కర్మాగారంలో 78 ఆర్‌పీఎం రికార్డులుగా, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు పెళుసు లక్క పలకలుగా కూడా అచ్చయ్యాయన్నది రికార్డుల చరిత్రలో మిక్కిలి ముచ్చట గొలిపే వాస్తవం. ఆ బృందం పుట్టిన ఇంగ్లండులో అటువంటి రికార్డుల తయారీ 1960 నాటికే దాదాపుగా ఆగిపోయింది. భారతదేశంలో మాత్రం కరెంటు లేని ఊళ్లు లక్షల్లో ఉండటం వల్ల, అక్కడి ఇళ్లలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను పెట్టెలే ఇంకా పాడుతూ ఉండటం వల్ల, ఆ కర్మాగారం పాత పద్ధతిని మరికొన్నేళ్లు కొనసాగించక తప్పలేదు. కొత్త తరపు గిటార్ల హోరు తాతల నాటి లక్క మీదికి ఎక్కిన ఈ విచిత్ర సంధి ఫలితాలను నేడు విదేశీ సేకర్తలు వెతికి వెతికి కొనుక్కుంటున్నారు.

ఆ లక్క కథ రికార్డు కథ కన్నా చాలా పాతది. మోదుగ, రేగు, కుసుమ వంటి చెట్ల కొమ్మల మీద గుంపుగా చేరి రసం పీల్చే ఒక చిన్న పురుగు తన రక్షణ కోసం ఒంటి చుట్టూ కట్టుకునే జిగురు పెంకే లక్క. దానిని గీకి, కడిగి, కరిగించి, పలుచని రేకులుగా సాగదీస్తే అది షెల్లాక్ అవుతుంది. పాండవుల కోసం వారణావతంలో కట్టించిన లక్క ఇంటి నుంచి, లక్క రంగును లండనుకు ఓడల్లో పంపిన ఈస్టిండియా కంపెనీ గోదాముల వరకు ఈ పదార్థం శతాబ్దాలను సునాయాసంగా దాటుకుంటూ వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివర రసాయనిక రంగులు వచ్చి లక్క రంగును సంతలోంచి తరిమేశాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే లక్క జిగురుకు గ్రామఫోను రూపంలో కొత్త గిరాకీ ఏర్పడింది. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు లక్కను అద్ది బొమ్మలు చేసే ఏటికొప్పాక కళాకారుడి చేతిలోనిదీ, హరిశ్చంద్రుడి పద్యాన్ని మోసిన రికార్డులోనిదీ ఒకే పురుగు కష్టమన్న సంగతి ఆ రెండింటినీ ఎరిగిన ఆంధ్రులకు కూడా తరచుగా తట్టదు.

ధ్వనిని పట్టి నిలిపే యంత్రాన్ని ఎడిసన్ 1877లో స్తూపాకారంలో తయారు చేయగా, ఎమిల్ బెర్లినర్ 1887లో చదునైన పలకను ప్రతిపాదించాడు. ఒక అచ్చు నుంచి వేల ప్రతులు తీయగలగడం ఆ పలకకున్న బలం. తొలుత గట్టి రబ్బరుతో చేసిన పలకలు నిలకడగా పనిచేయకపోవడంతో, షెల్లాక్‌లో రాతిపొడి, మసి, నూలు పీచు కలిపిన ముద్ద వాటి స్థానంలోకి వచ్చింది. ఉక్కు ముల్లు రాపిడికి గాడి త్వరగా అరిగిపోకుండా, ముల్లే గాడికి తగినట్టు అరిగేలా చూడటం ఆ రాతిపొడి పని. అందుకే ఒక్కో వైపు వినగానే ముల్లు మార్చడం ఆనాటి శ్రోతల ఆచారమైంది. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని రికార్డు చేశాడు. పాట ముగియగానే ఆమె తన పేరును ఇంగ్లీషులో గట్టిగా ప్రకటించేది. అచ్చు వేయవలసినవాళ్లు జర్మనీలోని హానోవర్ పట్టణంలో ఉండటం వల్ల, ఏ మైనం పలక ఎవరిదో వాళ్లకు తెలియడానికే ఈ ప్రకటన అవసరమైందని చెబుతారు. ఛోటానాగపూర్ అడవుల లక్క జర్మనీకి వెళ్లి పాటగా మారి మళ్లీ కలకత్తాకు చేరే ఈ సుదీర్ఘ ప్రదక్షిణం 1908లో సియాల్దాలో కర్మాగారం వెలిసేదాకా సాగింది. ఆ తరువాత 1928లో తయారీ డమ్‌డమ్‌కు మారింది.

పది అంగుళాల పలకలో ఒక వైపు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు గనుక, దానికన్నా పెద్ద రచనను ముక్కలు చేసి పలు రికార్డుల మీద నింపవలసి వచ్చేది. 1909లో ఓడియన్ సంస్థ చైకోవ్‌స్కీ రచించిన నట్‌క్రాకర్ సూట్‌ను నాలుగు రికార్డుల కట్టగా అమ్మకానికి పెట్టింది. ఫొటోల పుస్తకం తరహాలో అట్టల మధ్య కాగితపు సంచులు కుట్టి, ఒక్కో సంచిలో ఒక్కో పలకను ఉంచే ఆల్బం అనే ఏర్పాటు క్రమంగా స్థిరపడింది. దాదాపు మూడు దశాబ్దాల పాటు ఆ అట్టలు లెక్కల పుస్తకాల మాదిరిగా ముభావంగా ఉండగా, 1940 ప్రాంతంలో కొలంబియా సంస్థలోని అలెక్స్ స్టైన్‌వైస్ అనే చిత్రకారుడు వాటి మీద బొమ్మలు వేసి, చూసి కొనే అలవాటును శ్రోతలకు నేర్పాడు.

తెలుగునాట ఆ ఆల్బానికి సమానమైనది నాటకం సెట్టు. ఒక నాటకంలోని ముఖ్య ఘట్టాలను కుదించి, పద్యాలూ సంభాషణలూ నాలుగైదు రికార్డుల మీద వరుసగా ఇమిడేలా చేసి అమ్మే ఈ పద్ధతి దక్షిణాదిన 1930లలో విస్తరించింది. తరువాత చిత్రనిర్మాతగా ప్రసిద్ధికెక్కిన ఎ.వి.మెయ్యప్పన్ ఓడియన్ రికార్డులను పంపిణీ చేసిన మద్రాసు సరస్వతీ స్టోర్స్‌తోనే ఈ వ్యాపారంలో నిలదొక్కుకున్నాడు. ఆ కాలపు తెలుగు రంగస్థలం మీద పద్యమే రాజు. తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగ విజయాల్లోని పద్యాలు అక్షరం రానివారి నోట కూడా పలికేవి. ఒకే రాత్రి ఒకే నాటకంలో ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు అంటూ వేర్వేరు నటులను దింపి, వారి గొంతుల మధ్య పోటీ పెట్టి టిక్కెట్లు అమ్మిన కంట్రాక్టు నాటకాల వైభవం ఆ పద్యాల చలవే. మైలవరం నాటక సమాజంలో పేరు తెచ్చుకున్న కపిలవాయి రామనాథశాస్త్రి మొదలుకొని అద్దంకి శ్రీరామమూర్తి, పులిపాటి వెంకటేశ్వర్లు, పువ్వుల సూరిబాబు, బందరు డి.వి.సుబ్బారావు వరకు ఎందరో నటగాయకుల కంఠాలు రికార్డులకెక్కి, వారి బండి చేరలేని పల్లెలకు కూడా చేరాయి.

అయితే ఆ ప్రయాణంలో పద్యం స్వరూపమే మారింది. రంగస్థలం మీద పద్యం చివరి అక్షరాన్ని పట్టుకుని, హార్మోనియం తోడుగా నటుడు రాగాన్ని ఎంతసేపైనా సాగదీయవచ్చు. వన్స్‌మోర్ అని జనం అరిస్తే చచ్చిపడిన పాత్ర కూడా లేచి మళ్లీ పాడిన సందర్భాలను నాటకాభిమానులు నవ్వుతూ చెప్పుకునేవారు. రికార్డింగు గదిలో మాత్రం మైనం పలక మీద గాడి ముగిసేలోపు పద్యమూ ముగియాలి. 1925లో విద్యుత్ మైక్రోఫోను వచ్చేవరకు గాయకులు బూర మూతిలోకే గొంతెత్తి పాడవలసి వచ్చేది గనుక, సన్నని సంగతులు చాలావరకు గాలిలో కలిసిపోయేవి. ఇన్ని కట్టుబాట్ల మధ్య పది నిమిషాల రాగం ఒక నిమిషానికి కుదించుకుపోయినా, ఆ కుదింపులో ఒక చిక్కదనం వచ్చింది. తరువాతి తరం నటులు గురువుల దగ్గర కన్నా రికార్డుల దగ్గరే పద్యం నేర్చుకోవడం మొదలుపెట్టాక, ఆ మూడు నిమిషాల బాణీయే ప్రామాణికమై కూర్చుంది. ఊరికొక తీరుగా ఉండిన పద్యపఠన రీతులు ఈ ఒరవడిలో అణగారిపోవడం తెలుగు రంగస్థలానికి జరిగిన నష్టాలలో చెప్పుకోదగ్గది. దాని గురించి జరిగిన చర్చ మాత్రం బహుస్వల్పం.

లాభం కూడా తక్కువది కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రచించిన సత్యహరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనులో నటులు గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలను చేర్చి పాడటం ఆనవాయితీ అయింది. కవిని అంటరానివాడిగా చూసిన సమాజమే ఆ కవి పద్యాన్ని వేదిక మీదా, గ్రామఫోను పెట్టె ముందూ చేతులు కట్టుకుని విన్నది. ఆ తరువాతి కాలంలో కరుణశ్రీ పుష్పవిలాపాన్నీ, కుంతీకుమారినీ ఘంటసాల వేంకటేశ్వరరావు రికార్డులుగా పాడినప్పుడు, నాటకపు హోరు లేని పద్యగానం ఒకటి తెలుగు చెవికి అలవాటైంది. సాలూరి రాజేశ్వరరావు, ఆర్.బాలసరస్వతీదేవి వంటివారు సినిమాతో సంబంధం లేకుండా పాడిన ప్రైవేటు రికార్డులు లలితగీతానికి పునాది వేశాయి. శంకరంబాడి సుందరాచారి రచించిన మా తెలుగు తల్లికి గీతం 1942లో విడుదలైన దీనబంధు సినిమా కోసం పుట్టినా, అది ఇంటింటి పాటగా మారి, చివరకు రాష్ట్ర గీతం కావడానికి దారి వేసింది టంగుటూరి సూర్యకుమారి గొంతుతో వచ్చిన రికార్డే.

ఈ పలకలను ఒంటరిగా వినడం అరుదు. పెట్టె ఉన్న ఇంటి అరుగు వీధి వారందరిదీ అయ్యేది. పెళ్లిపందిళ్ల దగ్గర చెట్టుకొమ్మలకు లౌడ్‌స్పీకర్లు కట్టే మైకుసెట్టు వాళ్ల పెట్టెలో ఏ రికార్డులున్నాయన్నదే ఆ రెండు రోజులూ ఊరి సంగీతాభిరుచిని నిర్ణయించేది. టూరింగ్ టాకీసుల్లో ఆట మొదలయ్యే ముందు ఘంటసాల పాడిన నమో వేంకటేశా రికార్డు పెడితే, టిక్కెట్ల కోసం జనం పరుగులు తీసేవారు. ఇంగ్లండులో రికార్డుల మీది ఈ మోజు మరో రూపం దాల్చింది. అక్కడ కాంప్టన్ మెకంజీ 1923లో రికార్డుల గుణదోష విచారణ కోసమే గ్రామఫోన్ పత్రికను స్థాపించగా, 1942లో బీబీసీ మొదలుపెట్టిన డెజర్ట్ ఐలండ్ డిస్క్స్ కార్యక్రమం, నిర్జన ద్వీపానికి వెంట తీసుకుపోయే ఎనిమిది రికార్డులేవో చెప్పమని ప్రముఖులను అడిగి, ఇష్టమైన రికార్డుల ఎంపికనే ఆత్మకథగా మార్చింది. తెలుగు శ్రోతలకు ఆ పాత్రను రేడియో సిలోన్‌లో వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదొరై కార్యక్రమాలు, ఆకాశవాణిలో ఉత్తరాల ద్వారా కోరిన పాటలు వినిపించే కార్యక్రమాలు పోషించాయి.

రెండో ప్రపంచయుద్ధం లక్క ఓడల దారిని మూసివేయడంతో 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే షెల్లాక్‌ను 70 శాతం తగ్గించింది. దాంతో ప్రత్యామ్నాయాల వేట ముమ్మరమైంది. 1948లో కొలంబియా సంస్థ వినైల్ ప్లాస్టిక్‌తో, నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును తెచ్చాక, నిన్నటి వరకు అయిదారు పలకల కట్టగా ఉన్న ఆల్బం ఒక్క పలకలో ఒదిగిపోయింది. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూయడానికి కొంతకాలం ముందు ఘంటసాల పాడిన భగవద్గీత, 1977 నాటి దానవీరశూరకర్ణ సంభాషణలు తెలుగునాట ఎల్‌పీ యుగానికి రెండు ధ్రువాలు. మొదటిది క్రమంగా ఆత్మీయుల అంతిమయాత్రలకు తోడు కాగా, రెండోది పందిళ్లలో చెవులు చిల్లులు పడేలా మోగింది. అటు తరువాత క్యాసెట్టు, సీడీ, ఫోను వరుసగా వచ్చిపడ్డాయి. ఆ కథ అందరూ ఎరిగినదే.

కోట్ల పాటలు అరచేతిలోకి వచ్చిన ఈ కాలంలో లోపించినది పాట వెనుక ఉన్న వివరం. చెన్నైలో వేలాది 78 ఆర్‌పీఎం రికార్డులను సేకరించిన వి.ఎ.కె.రంగారావు, పాడినదెవరు, రాసినదెవరు, బాణీ ఎక్కడి నుంచి వచ్చిందన్న వివరాలను వ్యాసాలుగా పంచిపెట్టడం వల్లే ఆయన సేకరణ తెలుగువారి ఉమ్మడి ఆస్తి అయింది. నాటకపు రికార్డుల లేబుళ్ల మీద హార్మోనియం, తబలా వాయించినవారి పేర్లు తరచుగా అచ్చయ్యేవి కావు. గాడులు ముగిసే చోట చెక్కిన అంకెల ఆధారంగా రికార్డు కాలాన్ని పట్టుకోవచ్చు గాని, వాద్యకారుడి పేరు పట్టుకోవడానికి ఆ వేళ్ల పోకడను గుర్తుపట్టగల మనిషే కావాలి. అందుచేత పాత రికార్డులు ఇంట్లో మిగిలి ఉన్నవారు వాటిని పెద్దలకు వినిపించి, వాళ్లు చెప్పిన పేర్లను రికార్డు నెంబరుతో సహా రాసిపెట్టడం, వాటిని శుభ్రం చేసి బీరువాలో భద్రపరచడం కన్నా ముందు చేయవలసిన పని.