కోట తీరమైదానం: ఇసుక దిబ్బలలో సముద్ర చరిత్ర

నెల్లూరు సీమ చరిత్ర రచనలో శాసనాలకు లభించిన ప్రాధాన్యం నేలకు లభించలేదు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టి మూడు సంపుటాలుగా ప్రకటించిన శాసన సంకలనం పరిశోధకులకు మూలాధారమైంది. అయితే ప్రాచీన కాలపు రేవులు, ఏరులు నేటి తీరరేఖను ఆనుకొనే ఉండేవన్న భావన పరీక్షకు నిలవదు. గూడూరుకు తూర్పున, స్వర్ణముఖి సాగరసంగమానికి చేరువలో ఉన్న కోట ప్రాంతం ఆధారంగా ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

సుమారు 20 వేల సంవత్సరాల క్రితం భూమిపై నీరు అధికభాగం హిమరాశులలో గడ్డకట్టి ఉన్నందున సముద్రమట్టం నేటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. నేడు బంగాళాఖాతం అడుగున ఉన్న తీరపు అరుగు అప్పుడు పొడి నేల. ఈ సీమ నదులు ఆ నేలను కోసుకుంటూ మరింత తూర్పుకు ప్రవహించి సముద్రంలో కలిసేవి. మంచు కరిగినకొద్దీ సముద్రం ఆ లోయలను ముంచుతూ వచ్చి, సుమారు 7 వేల ఏళ్ల క్రితం నేటి మట్టానికి చేరువైంది. అటుపిమ్మట తీరాన్ని తీర్చినవి ప్రధానంగా నదుల ఒండ్రు, అలలు మోసుకువచ్చిన ఇసుక.

ఈ మార్పు అంతటా ఒకే విధంగా జరగలేదు. టాలెమీ పేర్కొన్న కంటకస్సిలగా పండితులు గుర్తించిన ఘంటసాల, కృష్ణానది ఒండ్రు కారణంగా నేడు సముద్రానికి 20 కిలోమీటర్లకు పైగా దూరమైంది. స్వర్ణముఖి చిన్న నది, వర్షాధారం. కనుక ఈ తీరంలో ప్రధానంగా కనిపించేవి ఇసుక దిబ్బల వరుసలు, వాటి నడుమ పల్లపు నేలలు. దక్షిణాన శ్రీహరికోట ఇసుక ద్వీపం వెనుక ఏర్పడిన పులికాట్ సరస్సు ఇందుకు పెద్ద ఉదాహరణ.

అయితే ప్రతి రేవు పతనాన్నీ సముద్రానికి ఆపాదించరాదు. 1626లో ఆంగ్ల వర్తకులు దుగరాజపట్నంలో స్థావరం ఏర్పరచుకొన్నారు. 1639లో మద్రాసు స్థలం లభించిన పిమ్మట వారు దానిని విడిచారు. ఆశించిన వస్త్రవ్యాపారం సాగకపోవడం ఇందుకు ముఖ్య కారణం. భూస్వరూప సాక్ష్యాన్నీ లిఖిత సాక్ష్యాన్నీ కలిపి చదివినప్పుడే ఇటువంటి భేదం తెలుస్తుంది.

కోట, చిల్లకూరు మండలాల దిబ్బలలోని తెల్లని ఇసుక గాజు పరిశ్రమకు ముడిసరుకు. పరిశోధకునికి అదే కాలమాపకం. స్ఫటికపు రేణువు చివరిసారి ఎండను చూసి ఎంతకాలమైందో ప్రకాశదీప్తి పద్ధతి తెలుపుతుంది. దిబ్బను తవ్వి పోసినప్పుడు రేణువు మళ్లీ వెలుగు చూస్తుంది, ఆ లెక్క చెరిగిపోతుంది. నష్టం చరిత్రకు మాత్రమే పరిమితం కాదు. దిబ్బలో ఇంకిన వాననీరు ఉప్పునీటిపై తేలియాడుతూ నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు ఉంటే, దిగువన సుమారు 40 మీటర్ల వరకు ఉప్పునీటిని అదిమి ఉంచగలదన్నది సూత్రం. తీరవాసుల దొరువుల ఆధారం ఇదే.

కనుక ఏ దిబ్బనైనా తవ్వకముందే దాని పొరలను నమోదు చేయడం, వెలుగు సోకని గొట్టాలలో నమూనాలు సేకరించడం, తిప్ప, దిబ్బ, దొరువు వంటి మాటలున్న స్థలనామాలను పటంపై గుర్తించడం అవసరం. శిథిలమైన శాసనానికి పాత నకలైనా మిగలవచ్చు. తరలిపోయిన దిబ్బకు నకలు లేదు.