కొల్లేటి హద్దులు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఈ ప్రాంతపు చరిత్రను గూర్చి యొక వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు కోరినపుడు, రాజుల కథకంటె కొల్లేటి కథ వ్రాయుటయే యుచితమని తోచినది. రాజ్యము లెన్నియో మారినవి. కొల్లేరు మాత్రము కృష్ణా గోదావరుల నడిమి పల్లములో నేటికిని నిలిచియున్నది. అయినను దాని హద్దు ఎక్కడ యని యడిగినచో సూటిగా సమాధానము చెప్పుట కష్టము.

గ్రామ లెక్కలు వ్రాయువాడ నగుటచే ఈ ప్రశ్న నన్ను విశేషముగా నాకర్షించినది. పొలమునకు నాలుగు దిక్కుల హద్దులు వ్రాయవచ్చును. కొల్లేటికి హద్దు నీటిమట్టమే. సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తు వరకు లెక్కించిన దాని విస్తీర్ణము 308 చదరపు కిలోమీటర్లు. పదియడుగుల ఎత్తు వరకు లెక్కించిన 901. అయిదడుగుల తేడాకు విస్తీర్ణము దాదాపు మూడింతలైనది. అంత చదునైన నేల యది. వర్షకాలమున బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులు తెచ్చిన నీటితో పొంగి, వేసవిలో మరల తగ్గి, గడ్డినేలలను బయలుపెట్టుట దాని స్వభావము. మిగులు నీరు సుమారు 60 కిలోమీటర్లు ఉప్పుటేటి గుండ ప్రవహించి బంగాళాఖాతమున గలియును.

ప్రాచీనులు ఈ కొలనిని ఎరుగుదురు. 634వ సంవత్సరమున రవికీర్తి రచించిన ఐహోళె శాసనములో రెండవ పులకేశి విజయములు వర్ణింపబడినవి. పిష్టపుర దుర్గమును గెలిచిన పిమ్మట కునాల జలములు యుద్ధమున రక్తసిక్తము లైనవని యందు గలదు. ఆ కునాలము కొల్లేరే యని చరిత్రకారులు నిర్ణయించిరి. దండి దశకుమారచరితము మరింత రసవంతము. అందు మంత్రగుప్తుని కథ యంతయు ఓష్ఠ్యాక్షరములు లేకయే నడచును. ప్రియురాలి దంతక్షతమున అతని పెదవి నొచ్చుటయే కారణమట! ఆ కథలో ఆంధ్రనగరము చెంత హంసలతో, తామరలతో నిండిన మహాసరస్సు కలదు. మంత్రగుప్తుడు యతివేషమున దాని యొడ్డున వసించి, ఆ నీట మునిగినచో దివ్యదేహము లభించునని ఆంధ్రరాజును నమ్మించి, నీటిలోనే అతనిని మట్టుబెట్టి, తానే రాజై పైకి వచ్చెను. ఈ సరస్సు వేంగికి సమీపమున నున్న కొల్లేరే యని పండితుల యభిప్రాయము. దశకుమారచరితమును తెనిగించి కేతన తిక్కనసోమయాజికి అంకితమిచ్చెను గనుక, మన పూర్వులు ఈ కథను తెలుగున గూడ చదివి యానందించియుందురు.

కొల్లేటికోట గాథ పెద్దల నోట నిలిచినది. గజపతుల దుర్గము లంకలో నుండెను. శత్రుసేన చిగురుకోటలో విడిసి, నీరు అడ్డమగుటచే కోటను సమీపింపలేక, సరస్సును సముద్రమునకు తోడివేయుటకు కాలువ త్రవ్వించెనట. గజపతి సేనాని దేవతల యనుగ్రహమునకై కన్నకూతురినే బలియిచ్చెననియు, అందుచే ఆ కాలువకు పేరంటాల కనుమ యను పేరు వచ్చెననియు చెప్పుదురు. ఇది శాసనసాక్ష్యము గల విషయము గాదు. అయినను కొల్లేటిని ఎండగట్టవలెనను తలంపు ఎంత పాతదో ఈ గాథ తెలుపుచున్నది. నేడు ఆ లంకలోనే పెద్దింట్లమ్మ గుడి కలదు. ఫాల్గుణమున జాతర జరుగును.

ఆనకట్టలతో కొల్లేటి చరిత్ర మరియొక దారి పట్టినది. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. డెల్టా అన్నపూర్ణ యైనది. ఆ మేలును మనము మరువరాదు. కాని పొలములు త్రాగి విడిచిన నీటికి పల్లము కావలెను గదా! ఆ మురుగు కాలువలలో అనేకము కొల్లేటికే చేరినవి.

ఇక పక్షుల సంగతి. 1946లో నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు వద్ద గూడబాతుల గూళ్లను కనుగొని లోకమునకు తెలిపెను. భారతదేశమున అంత పెద్ద గూళ్ల సముదాయములు అరుదు. ఆ గూళ్లు తరువాత ఖాళీయైపోయినవి. గూడబాతులు సైబీరియానుండి వచ్చునని పలువురు చెప్పుదురు, అది సరికాదు. అవి మన దేశపు పక్షులే. శీతకాలమున ఉత్తరదేశములనుండి వచ్చునవి పరజలు మొదలైన బాతుజాతులు. పక్షికి పక్షికి నీటిలోతు వేరు. కొంగకు మోకాలిలోతు చాలును. గూడబాతునకు ఈదుటకు నీరు కావలెను. నత్తలు తిను కొంగకు బురద కావలెను. నీరు పెరిగి తరుగు సరస్సులోనే ఇవి యన్నియు ఒక్కచోట లభించును. నిట్రముగా గట్లు వేసి, ఏడాది పొడుగున ఒకే మట్టమున నీరు నిలిపిన చెరువు చేపకు సుఖమేగాని కొంగకు కాదు.

అటువంటి చెరువులు 1970ల నుండి కొల్లేటి గర్భములో ప్రబలినవి. మొదట బీద మత్స్యకారుల సహకార సంఘములకని ఆరంభమైనవి. కాలక్రమమున కౌళ్ల పేరిట చాలవరకు ధనవంతుల చేతిలో పడినవి. 1999లో అయిదడుగుల గీతవరకు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రామ్‌సార్ ఒడంబడిక జాబితాలో చేరెను. 2006లో సుప్రీంకోర్టు ఆజ్ఞతో గట్లను ప్రేలుడు మందుతో సైతము కూల్చిరి. లంక గ్రామములవారు బ్రదుకుదెరువు పోయినదని వాపోయిరి. అందు న్యాయము లేదనలేము. లాభము గొన్నవారు పట్టణములకు పోయిరి, నష్టము దోనెలవారికి మిగిలెను. 2008లో హద్దును మూడడుగులకు తగ్గింపవలెనని శాసనసభ తీర్మానించినది. రెండడుగులే గదా యని వినువారికి తోచును. పళ్లెమువంటి నేలలో రెండడుగు లనిన ఎన్ని వేల యెకరములో పైన చూపిన లెక్కను బట్టి పాఠకులే గ్రహింపగలరు.

కొల్లేటి సంగతి మనకేల యని విజయవాడవారు సైతము అనుకొనరాదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్ ప్రాంతము మునిగినపుడు ప్రకాశం బ్యారేజివద్ద కృష్ణ 11 లక్షల 43 వేల క్యూసెక్కులతో పరవళ్లు త్రొక్కుచుండెను. మళ్లింపు కాలువనుండి బుడమేటి నీటిని గైకొను స్థితిలో ఆ నది లేదు. బుడమేటికి సహజమైన గమ్యము కొల్లేరు. అచట నీరు పరచుకొనుటకు చోటు, ఉప్పుటేటిలో సాగుటకు దారి ఉండవలెను.

గ్రంథాలయ సభ్యులు కైకలూరు పోయి, చెంతనే గల ఆటపాక పక్షికేంద్రమును చూడవలెనని నా కోరిక. గుడివాడ భీమవరముల నడుమ రైలుమార్గమున కైకలూరు స్టేషను కలదు. కార్తీకమునుండి ఫాల్గుణమువరకు అనుకూలమైన కాలము. పడవలో పోవుచు, అటవీశాఖవారు నీటిలో నిలిపిన యినుప మంచెలపై గూడబాతులు గూళ్లు పెట్టుకొని పిల్లలకు మేతనిచ్చుట చూడవచ్చును. పిల్ల తన తలను తల్లి నోటి సంచిలో దూర్చి చేపను తీసికొనును. ప్రొద్దుట పోయినవారికి బాగుగా కనబడును. కేకలు వేయక కూర్చుండవలెను.