పిల్లికీ ఎయిడ్సా!

పిల్లి ఎదురొస్తే కాసేపు కూచుని, మంచినీళ్ళు తాగి బయల్దేరే అలవాటు మనది. మరి ఈ సంగతి వినండి.

1986లో కాలిఫోర్నియాలోని పెటలూమాలో ఒకావిడ సాకే పిల్లులు వరసగా జబ్బుపడి చిక్కిపోసాగాయి. ఆవిడ ఊరుకోలేదు. డేవిస్‌లోని విశ్వవిద్యాలయంలో నీల్స్ పెడర్సన్, జానెట్ యమమోటోలు వాటిలో కొత్త వైరస్‌ని పట్టుకున్నారు. 1983లో పారిస్‌లో దొరికిన మనుషుల ఎయిడ్స్ వైరస్‌కి అది దాయాది!

ఇది చెప్పగానే మా పిన్ని పాలగిన్నె ఎత్తేసి పిల్లిని తరమబోయింది. ఆగు పిన్నీ, అది మనుషులకు అంటదు. పిల్లులు కొట్టుకుని కరుచుకుంటే వాటిలో వాటికే. మనకీ వాటికీ ఉమ్మడి శత్రువు రేబిస్.

"రక్కితే పసుపు అద్దితే చాలదుటే?"

చాలదు. సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే టీకాకి వెళ్ళాలి.