గులాబి రంగులకు అర్థాలు రాసిందెవరు? కోసిన పువ్వును బతికించేదెవరు?



ఫిబ్రవరి వచ్చిందంటే అందరి ఫోన్లలోకీ ఒక పట్టిక వచ్చి పడుతుంది. ఎర్ర గులాబి అంటే ప్రేమ, పసుపు అంటే స్నేహం, తెలుపు అంటే స్వచ్ఛత, నీలం అంటే తీరని కోరిక తీరడం... ఇలా. పిల్లలు అది చూసి పూలు కొంటారు. కొట్టువాడు అది చూసి రేటు పెడతాడు. తోట వేసే మనం కూడా ఏ రంగు మొక్కలు ఎన్ని పెట్టాలో దాన్నిబట్టే లెక్క వేసుకుంటున్నాం. మరి ఆ పట్టిక ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని ఎప్పుడైనా అడిగామా?

పోస్టు కాస్త పెద్దదే. చివర్లో కోసిన పువ్వును కాపాడుకునే పద్ధతులు కూడా రాశాను. తీరిక చూసుకుని చదవండి.

ముందు మన మాట సంగతి

గులాబి అనే మాట పారశీకం నుంచి వచ్చింది. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్ళు. గులాబ్ అంటే అసలు అర్థం పన్నీరు, మన పెళ్ళిళ్ళలో చిలకరించే పన్నీరే. నీళ్ళ పేరు పువ్వుకొచ్చింది. పువ్వు పేరు మళ్ళీ రంగుకొచ్చింది. అందుకే గులాబీ రంగు అంటే మనకు ఎరుపు కాదు, పన్నీరు తీసే పువ్వుకుండే ఆ లేత రంగు. తెలంగాణలో గులాబీ కండువా అంటే ఏమిటో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. అది కూడా రంగుకు మనుషులు పెట్టుకున్న అర్థమే కదా.

మన పెద్దలు పూలను చూసింది వేరే లెక్కలో. ఏ దేవుడికి ఏ పువ్వు, ఏ పండక్కి ఏ పువ్వు, తల్లో ఏది, దండలో ఏది అని చూసుకున్నారు. ఇక రంగు మాటకొస్తే మనకు పసుపంత శుభం ఇంకొకటి లేదు. గడపకు పసుపు, పెళ్ళికూతురికి పసుపు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

రెండు గులాబీల యుద్ధం

ఇంగ్లండులో 1455 నుంచి 1487 దాకా రాజ్యం కోసం రెండు వంశాలు కొట్టుకున్నాయి. యార్క్ వంశం గుర్తు తెల్ల గులాబి. లాంకాస్టర్ వంశం గుర్తు ఎర్ర గులాబి అంటారు. 1485లో గెలిచిన ఏడవ హెన్రీ, మరుసటేడు యార్క్ వంశం పిల్ల ఎలిజబెత్‌ను పెళ్ళాడాడు. ఎరుపు మీద తెలుపు పెట్టి రెండూ కలిసిన కొత్త గులాబిని తన గుర్తుగా చేసుకున్నాడు. పెద్ద రాజకీయం అది. "గొడవ అయిపోయింది, ఇక అందరం ఒకటి" అని ఒక్క బొమ్మతో ఊరూరా చాటాడు. రోజాల యుద్ధం అనే పేరు జనం నోళ్ళలో పడింది మాత్రం ఎంతో తర్వాత, 1829లో వాల్టర్ స్కాట్ రాసిన ఒక నవల వల్ల.

తమాషా ఏమిటంటే ఆ లాంకాస్టర్ "ఎర్ర" గులాబిని ఇప్పుడు మన మార్కెట్‌కు తీసుకెళ్తే ఎవరూ ఎరుపు అనరు. అది ముదురు గులాబీ రంగు పువ్వు. ఇప్పుడు మనం చూసే నిప్పులాంటి ఎరుపు అప్పటికి యూరప్‌లో లేనే లేదు.

పట్టిక పుట్టిన విధం

టర్కీలో ఇంగ్లండు రాయబారి భార్యగా ఉండిన లేడీ మేరీ మాంటేగ్యూ, అక్కడి ఆడవాళ్ళు పూలు, పళ్ళు, చిన్న చిన్న వస్తువులు మూటకట్టి ఉత్తరాల్లాగా పంపుకుంటారని 1718లో రాసింది. ఆమె పోయాక, 1763లో ఆ లేఖలు అచ్చయ్యాయి. అక్కడ వస్తువు రంగుకూ అర్థానికీ సంబంధం తక్కువ. వస్తువు పేరుకు ప్రాస కలిసే ఒక పాదం ఉంటుంది, అదే సందేశం. మన పొడుపుకథల లాంటి ఆట అన్నమాట. కానీ చదివిన యూరప్ వాళ్ళు "తూర్పు దేశాల్లో ప్రతి పువ్వుకూ ఒక రహస్య భాష ఉందట" అని అనుకున్నారు.

1819లో పారిస్‌లో షార్లెట్ ద లాతూర్ అనే మారుపేరుతో పూల భాష మీద ఒక పుస్తకం వచ్చింది. బాగా అమ్ముడుపోయింది. దాన్ని చూసి ఇంగ్లండులో, అమెరికాలో అలాంటివి పుట్టగొడుగుల్లా వచ్చాయి. ఒకడి పుస్తకంలో ఉన్న అర్థం ఇంకొకడి పుస్తకంలో ఉండదు. 1884లో ఇంగ్లండులో కేట్ గ్రీన్‌అవే బొమ్మలతో వచ్చిన పుస్తకం ఈనాటికీ దొరుకుతుంది. అందులో పసుపు గులాబికి ఏం రాశారో తెలుసా? ప్రేమ తగ్గిపోవడం, అసూయ! ముదురు ఎరుపుకు సిగ్గు.

చూశారా? మనకు శుభమైన పసుపు వాళ్ళకు అసూయ అయింది. అదే పసుపు ఇప్పుడు ఫోన్‌లో వచ్చే పట్టికలో స్నేహం. పువ్వు మారలేదు, రాసేవాళ్ళు మారారు.

రంగులు ఎక్కడి నుంచి వచ్చాయి

ఇక్కడి నుంచి కథ మన పనికి దగ్గరవుతుంది. ఒకప్పుడు యూరప్ గులాబీల్లో ఎక్కువ రకాలు ఏడాదికి ఒక్కసారే పూసేవి. రంగులు కూడా తెలుపు, గులాబీ, ఊదా కలిసిన ఎరుపు, అంతే. 1790ల్లో చైనా గులాబీలు ఓడల మీద అక్కడికి చేరాయి. ఏడాది పొడుగునా పూసే గుణం, వాడినా ఊదాకు తిరగని ఎరుపు ఇచ్చినవి ఇవే. వీటిలో కొన్ని కలకత్తా బొటానికల్ తోట మీదుగా వెళ్ళాయి. అందుకే ఫ్రెంచి వాళ్ళు వీటిని బెంగాల్ గులాబీలన్నారు. 1793 నుంచి ఆ తోటను చూసుకున్న రాక్స్‌బర్గ్ దొర అంతకుముందు మన సామర్లకోటలో మొక్కల తోట నడిపినవాడే.

చైనా రకాలతో పాత రకాలను కలుపుతూ పోతే, 1867లో ఫ్రాన్సులో గియో అనే నర్సరీ ఆయన "లా ఫ్రాన్స్" అనే రకం తెచ్చాడు. ఇప్పుడు పాలీహౌసుల్లో పొడుగు కాడకు ఒకే మొగ్గతో వచ్చే పూల వంశానికి అదే మొదలు అని చెప్తారు.

అప్పటికీ ముదురు పసుపు రాలేదు. లియాన్ నగరంలో పెర్నే-డూషే అనే ఆయన పారశీక దేశపు పసుపు గులాబిని ఏళ్ళ తరబడి మిగతా రకాలతో కలిపి చూశాడు. 1900లో "సొలేయ్ దోర్", అంటే బంగారు సూర్యుడు, అనే రకం విడుదల చేశాడు. ఈనాటి పసుపు, నారింజ, రాగి రంగుల పూలలో ఆ రక్తం ఉంది. దాంతోపాటే ఇంకొకటి కూడా వచ్చింది. ఆ పారశీక మొక్కకు నల్లమచ్చ తెగులును తట్టుకునే శక్తి తక్కువ. ఆ బలహీనత కూడా రంగుతోపాటు పిల్లలకు సంక్రమించింది. పసుపు గులాబి పెట్టినవాళ్ళు మందు ఎక్కువ ఎందుకు కొట్టాల్సి వస్తోందని అడిగితే, జవాబు 120 ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్తుంది.

మెరిసే నారింజ రంగు "సూపర్ స్టార్" రకంతో 1960లో బాగా పేరు తెచ్చుకుంది. ఇక నీలం. గులాబిలో నీలం రంగు పదార్థం సహజంగా తయారవదు. జపాన్‌కు చెందిన సన్‌టోరీ కంపెనీ పాన్సీ పువ్వు జన్యువును ఎక్కించి చేసిన రకాన్ని 2009లో అమ్మకానికి పెట్టింది. అది కూడా చూడ్డానికి లేత ఊదానే. మన దగ్గర దొరికే నీలి గులాబి తెల్ల పువ్వుకు రంగు పట్టించినదే.

అర్థం తిరగబడిన రోజు

ఫ్రాన్సులో ఫ్రాన్సిస్ మేయాన్ అనే ఆయన పసుపు మీద అంచులకు గులాబీ రంగు ఉండే రకం తయారుచేశాడు. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చే ముందు దాని అంట్లు విదేశాలకు పంపాడు. 1945 ఏప్రిల్ 29న అమెరికాలో దానికి "పీస్", అంటే శాంతి, అని పేరు పెట్టారు. ఐక్యరాజ్యసమితి ఏర్పాటు కోసం శాన్ ఫ్రాన్సిస్కోలో చేరిన ప్రతినిధులకు తలా ఒక పువ్వు ఇచ్చారు. నిన్నటిదాకా అసూయ అన్న పసుపు శాంతి అయిపోయింది.

దానికి రెండేళ్ళ ముందు, 1943 ఫిబ్రవరి 22న, హిట్లర్‌కు వ్యతిరేకంగా కరపత్రాలు పంచినందుకు మ్యూనిక్‌లో అన్నాచెల్లెళ్ళు హాన్స్ షోల్, సోఫీ షోల్‌లను చంపేశారు. వాళ్ళ బృందం పేరు "తెల్ల గులాబి". జర్మనీలో తెల్ల గులాబి అంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది వాళ్ళే. పుస్తకంలో రాసిన అర్థాలు మారిపోతుంటాయి. మనుషులు ప్రాణం పెట్టి ఇచ్చిన అర్థం మాత్రం నిలుస్తుంది.

మన దేశానికి వస్తే

నెహ్రూ గారి కోటు మీది ఎర్ర గులాబి అందరికీ తెలుసు. గోధుమ వంగడాల మీద పనిచేసి, 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయిన బి.పి. పాల్ గారు గులాబీలంటే ప్రాణం పెట్టినవాడని మాత్రం తక్కువమందికి తెలుసు. మన ఎండలను తట్టుకునే రకాలు ఆయన ఎన్నో తయారుచేశారు.

1990ల తర్వాత టీవీలు, గ్రీటింగ్ కార్డులు, ఫిబ్రవరి 14 వచ్చాయి. బెంగళూరు, హోసూరు చుట్టూ పాలీహౌసులు లేచాయి. మన చేవెళ్ళ, మొయినాబాద్ వైపు కూడా వేశారు. ఆ ఒక్క రోజు కోసం డిసెంబరులోనే కత్తిరింపులు మొదలుపెట్టాలి. నాలుగు రోజులు చలి ఎక్కువైతే మొగ్గ ఆలస్యం, ఎండ ఎక్కువైతే ముందే విచ్చుకుంటుంది. 13న పలికిన ధర 15న పలకదు. అర్థం రాసినవాడికి ఈ బాధ లేదు, అమ్మేవాడికి సగమే ఉంది, మిగతాదంతా మనదే.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఏమైందో మరచిపోలేం. పెళ్ళిళ్ళు లేవు, గుళ్ళు మూత, మార్కెట్లు మూత. మొక్క ఆగదు కదా, పూస్తూనే ఉంది. ఎంతమంది కోసిన పూలను కోసినట్టే గట్టు మీద పారబోశారో! ఎరుపైనా తెలుపైనా ఆ రోజు ఒకటే ధర.

అందుకే నేననేది, రంగు అర్థం మన చేతిలో లేదు. పువ్వు ఇంకో నాలుగు రోజులు బతకడం చాలావరకు మన చేతిలో ఉంది.

కోసిన పువ్వు ఎందుకు చస్తుంది

1908లో అమెరికాలోని షికాగోలో పూలు పెంచేవాళ్ళు లబోదిబోమన్నారు. విచ్చుకున్న కార్నేషన్ పూలు ఉన్నట్టుండి ముడుచుకుపోతున్నాయి. క్రోకర్, నైట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెతికితే, దీపాలకు వాడే గ్యాసు కారడం, అందులోని ఇథిలీన్ కారణమని తేలింది. 1934లో గేన్ అనే ఆయన, పండ్లు కూడా తమంతట తామే ఇథిలీన్ వదులుతాయని రుజువు చేశాడు. మామిడికాయ మాగేది ఈ గ్యాసుతోనే. కాయను పండించేదే పువ్వును ముసలిదాన్ని చేస్తుంది. కాబట్టి అరటిగెలలు, మామిడి ఉన్న గదిలో పూలు పెట్టొద్దు. ఒకే బండిలో వేయొద్దు. వాడిన పూలను మంచి పూల మధ్య ఉంచొద్దు, వాటినుంచీ అదే గ్యాసు వస్తుంది.

రెండో శత్రువు కాడలో అడ్డు. కోయగానే కాడలోకి గాలి బుడగ చేరుతుంది. మురికి నీళ్ళలోని బాక్టీరియా మిగిలిన దారి మూసేస్తుంది. బకెట్ నిండా నీళ్ళున్నా పువ్వుకు దాహమే. మెడ వాలిపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

దీన్నిబట్టి చేయాల్సినవి:

1. తెల్లవారుజామున గానీ సాయంత్రం చల్లబడ్డాక గానీ కోయండి. కత్తెర పదునుగా, శుభ్రంగా ఉండాలి.

2. మొగ్గ కింది ఆకుపచ్చ రేకులు వెనక్కి వాలి, పువ్వు రంగు బాగా కనపడుతున్నప్పుడు కోయాలి. మరీ బిగుతు మొగ్గ కోస్తే విచ్చుకోకుండానే మెడ వాల్చేస్తుంది.

3. కోసిన వెంటనే బకెట్ నీళ్ళలో పెట్టాలి. గట్టు మీద కుప్ప పోసి అన్నీ అయ్యాక చూద్దాం అనుకుంటే అప్పటికే సగం ఆయుష్షు పోతుంది.

4. బకెట్‌ను రోజూ బ్లీచింగ్‌తో కడగాలి. నీళ్ళలో మునిగే ఆకులు, ముళ్ళు తీసేయాలి. ముల్లు తీసేటప్పుడు కాడ తొక్క లేవకూడదు.

5. కోల్డ్ రూమ్ ఉంటే 2 నుంచి 4 డిగ్రీల మధ్య ఉంచాలి. లేనివాళ్ళు నీడలో, గాలి ఆడేచోట తడి గోనె పట్టాలు కట్టి చల్లగా ఉంచుకోవచ్చు. రేకల మీద తడి ఉండగా పెట్టెలో సర్దితే మాత్రం బూజు ఖాయం.

6. కొనేవాళ్ళకు కూడా ఒక మాట చెప్పి పంపండి. ఇంటికెళ్ళాక కాడ చివర అంగుళం మేర నీళ్ళలో ముంచి ఏటవాలుగా కోయమనండి. లీటరు నీళ్ళకు ఒక పెద్ద చెంచా పంచదార, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, ఇళ్ళలో వాడే ద్రవ బ్లీచ్ పావు చిన్న చెంచా కలపాలి. పంచదార పువ్వుకు తిండి, నిమ్మరసం నీళ్ళు త్వరగా ఎక్కడానికి, బ్లీచ్ బాక్టీరియా చావడానికి. పంచదార ఒక్కటే వేస్తే బాక్టీరియాకు విందు పెట్టినట్టే. రెండు రోజులకోసారి నీళ్ళు మార్చాలి.

మన పువ్వు వాళ్ళింట్లో వారం నిలిస్తే మళ్ళీ మన పువ్వే అడుగుతారు. ఆ నమ్మకం ఫిబ్రవరి 14తో అయిపోదు.

కొత్తగా తోట వేయాలనుకునే తమ్ముళ్ళకు చివరి మాట. ఫోన్‌లో వచ్చిన పట్టిక చూసి పొలమంతా ఒకే ఎరుపు పెట్టకండి. పెళ్ళి మండపాలకు తెలుపు, లేత రంగులు అడుగుతారు. గుడికి, దండలకు విడిపూలు కిలోల లెక్కన ఏడాదంతా పోతాయి. మీ దగ్గరి మార్కెట్‌లో ఏ నెలలో ఏ రంగు ఎంత పోతుందో ఒక ఏడాది కాగితం మీద రాసుకోండి. పారిస్‌లో అచ్చయిన అర్థాల కంటే ఆ కాగితం మీకు ఎక్కువ చెప్తుంది.

గులాబి వేసినవాళ్ళు మీ దగ్గర ఏ రంగు నిలుస్తోంది, ఏది తెగులుకు పోతోంది, కామెంట్లలో రాయండి. నలుగురికీ పనికొస్తుంది.