అరవై తొమ్మిదికీ డెబ్భైకీ మధ్య

2003లో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చిన కొత్తలో మా కుర్రాళ్ళందరికీ క్వార్టర్ అంటే ఒకటే అర్థం: లాండ్రీ. శుక్రవారం రాత్రి బల్లమీద చిల్లర పోసి వాషర్‌కిన్ని, డ్రయర్‌కిన్ని అని లెక్కపెడుతుంటే ఒక్కో క్వార్టర్ వెనక ఒక్కో బొమ్మ కనిపించేది. 1999లో డెలావేర్‌తో మొదలుపెట్టి ఏడాదికి ఐదు రాష్ట్రాల చొప్పున 2008 దాకా వేసిన స్టేట్ క్వార్టర్లవి. కొత్త బొమ్మ దొరికినప్పుడల్లా దాచుకునేవాణ్ణి. దానివల్ల ఒక్కోవారం బట్టలు తడిగానే ఆరేసుకోవాల్సి వచ్చేది. ఉద్యోగం వచ్చాక ఆ పిచ్చి లాండ్రీ చిల్లర నుంచి ప్రూఫ్ నాణేల దాకా పాకింది.

ప్రూఫ్ అంటే ఖర్చు పెట్టుకోవడానికి వేసిన నాణెం కాదు. అచ్చునీ, అచ్చు పడబోయే బిళ్ళనీ ముందే మెరుగుపెట్టి, ఒకటికి రెండుసార్లు గట్టిగా కొట్టి తీస్తారు. నేల అంతా అద్దంలా నల్లగా మెరుస్తూ, బొమ్మ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా కనబడుతుంది. దాన్నే కామియో అంటారు. అమెరికా టంకశాల 1916తో మానేసిన ప్రూఫులని 1936లో మళ్ళీ మొదలుపెట్టి, యుద్ధం వచ్చి 1942తో ఆపి, 1950లో తిరిగి ఎత్తుకుంది. 1964 దాకా ఫిలడెల్ఫియాలో వేసేవారు. 1968 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో 'ఎస్' గుర్తుతో వేస్తున్నారు. (ఆ 'ఎస్' సంగతి తెలిశాకే నా పర్సులో మిగిలిపోయిన రూపాయిని తిప్పి చూసుకున్నాను. సంవత్సరం కింద చిన్న నక్షత్రం! అది మన హైదరాబాద్ టంకశాల గుర్తట. ఇరవై ఏళ్ళు ఆ రూపాయలు ఖర్చుపెట్టి, ఒక్కసారీ గమనించలేదు.)

ఇక మార్కుల కథ. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన అమెరికా పాతకాలపు పెద్ద రాగి సెంట్ల మీద ఒక పుస్తకం రాశాడు. ఆయన వృత్తిరీత్యా మనస్తత్వ శాస్త్రవేత్త. మనిషి ఒంటి తీరుని బట్టి స్వభావం చెప్పొచ్చని కొలతలు తయారుచేసిన మనిషి, నాణేలని వదులుతాడా? పూర్తిగా అరిగిపోయి, ఏ రకమో మాత్రం పోల్చుకోగలిగే సెంటుకి 1, అచ్చు నుంచి అప్పుడే తీసినట్టున్న దానికి 70 అన్నాడు. ఈ 70 ఎక్కణ్ణించి వచ్చిందంటే, ఆనాటి ధరల నుంచి. బాగా అరిగిన 1794 సెంటు డాలరయితే, అదే రకంలో శ్రేష్ఠమైనది డెబ్భై డాలర్లని ఆయన లెక్క. అంటే మొదట అది నాణ్యతని కొలిచే బద్ద కాదు, ధర కట్టే సూత్రం! మంచి నాణేల ధరలు పరుగెత్తడంతో ఆ సూత్రం కొద్దికాలానికే చెల్లకుండా పోయింది. అంకెలు మాత్రం మిగిలిపోయాయి. ఆయన 1977లో పోయాక మరో సంగతి బయటపడింది. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వారి సేకరణలో మంచి సెంట్లని కాజేసి వాటి స్థానంలో నాసివి పెట్టాడట. ఏది ఎంతలో ఉందో ఆయనకంటే బాగా తెలిసినవాడెవడు మరి!

1977లోనే అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ ఈ అంకెలని అన్నిరకాల నాణేలకీ వర్తింపజేస్తూ పుస్తకం వేసింది. అయినా మార్కులు వేసేది అమ్మేవాడే. అమ్మేటప్పుడు 65 అన్నదాన్ని, తిరిగి కొనేటప్పుడు 60 అనేవాడు. ఈ గోల తప్పించడానికి 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ వచ్చాయి. రుసుము కట్టి పంపితే ఒకరికి మించి నిపుణులు చూసి, అంకె వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలువేసి పంపుతారు. పాత నాణేలకి ఇది నిజంగా మేలే చేసింది. నాణెం ముఖం చూడకుండా కొనే ధైర్యం వచ్చింది.

చిక్కంతా కొత్త ప్రూఫుల దగ్గర. 1960ల్లో కొత్త అచ్చు మీద మొదటి కొద్ది నాణేలకే ఆ మంచుతెలుపు వచ్చేది, తర్వాత అరిగిపోయేది. డెబ్భైలు దాటేసరికి ఆ పని బాగుపడి దాదాపు అన్నీ కామియోలే అయ్యాయి. చెయ్యి తగలకుండా పెట్టెలో వచ్చిన నాణేనికి అరుగుదల ఎక్కడిది? చాలావాటికి 69 ఖాయం. అయిదు రెట్లు పెద్దదిచేసి చూసినా మచ్చ కనపడనిది 70. మా డేటాబేస్ భాషలో చెప్పాలంటే, అన్ని వరసల్లోనూ ఒకటే విలువ ఉన్న కాలమ్‌ని పట్టుకుని వెదకడంలో అర్థం లేదు. బజారు మాత్రం ఆ ఒక్క అంకె తేడాకే ఉరేసుకుంది.

దీనికి 1995-డబ్ల్యూ సిల్వర్ ఈగిల్‌ని మించిన ఉదాహరణ లేదు. ఈ వెండి నాణెం పదో ఏట వెస్ట్ పాయింట్‌లో వేసిన ప్రూఫుని టంకశాల విడిగా అమ్మలేదు. 999 డాలర్లు పెట్టి నాలుగు బంగారు ఈగిల్స్ కొంటే దాన్ని ఊరికే ఇచ్చింది. ఏటా ఒక్క వెండిది కొనుక్కునే మామూలువాళ్ళు మండిపడ్డారు. మొత్తం వేసింది 30,125. అందులో పీసీజీఎస్ 70 వేసిన ఒకటి 2013లో వేలంలో 86 వేల డాలర్లు దాటింది. 69 వచ్చిన దాని జంటనాణెం అందులో చిన్న వంతుకే దొరికేది. ఆ ధర విన్నాక తమ దగ్గరున్నవాటిని జనం ఊరుకుంటారా? పెట్టెలు విప్పి పంపారు, 69 వచ్చినవాటిని మళ్ళీ పంపారు. 70లు పెరిగాయి, ధర పడిపోయింది. అరుదన్నది నాణెంలో లేదు, అప్పటిదాకా ఎన్ని పరీక్షకి వెళ్ళాయన్న లెక్కలో ఉంది. నేనూ 2006లో ఒక మామూలు ఏడాది 70ని ఆరువందలకి కొన్నవాణ్ణే. అమ్మేనాటికి సగం కూడా రాలేదు. 69తో పక్కపక్కన పెట్టి, లేబుళ్ళు మూసేసి, ఏది ఏదో చెప్పమని మా ఆవిడ పందెం కాస్తే ఓడిపోయాను.

డబ్బుపరంగా అంతకన్నా చిన్నదే అయినా, మనసులో ఉండిపోయినది ఇంకోటి ఉంది. 1964 కెనెడీ అరడాలరు ప్రూఫ్, తొంభై శాతం వెండి. మొదట్లో వేసిన కొన్నిటికి చెవిపైన జుట్టు గీతలు లోతుగా ఉంటాయి. ఆయన భార్యకి నచ్చక మార్పించారంటారు. అలాంటిది నాకొకటి మామూలు ధరకే దొరికింది. అంచుల్లో నీలంగా టోనింగ్ పట్టింది. మనం చిలుమనేదాన్ని వీళ్ళు అందమంటారు. డబ్బాకెక్కిద్దామని సొరుగులో పెట్టాను.

2011లో మా అమ్మ వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి వెండి రూపు కావాలి. సొరుగులో ఇది కనపడింది. నల్లబడిపోయిందని, కుందులు తోమినట్టే విభూతితో శుభ్రంగా తోమింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి తళతళలాడుతూ కలశం ముందు ఉంది, కెనెడీగారి నుదుట కుంకుమతో. దీపం వెలుగులో అద్దంలాంటి నేల మీద వెంట్రుకల్లాంటి వేల గీతలు. ప్రూఫ్ మీద మెత్తటి గుడ్డ రాసినా గీత పడుతుంది, ఇది బూడిద!

అయినా ఆశ చావక పరీక్షకి పంపాను. అంకె లేకుండా తిరిగొచ్చింది. తోమిన నాణెం అని మాత్రం రాశారు.

“ఎన్ని మార్కులొచ్చాయిరా?” అంది అమ్మ.

“వాళ్ళు వెయ్యలేదే. బాగా తోమావని రాశారు” అన్నాను.

“చూశావా మరి” అని, డబ్బా పగలగొట్టించి, దాన్ని మళ్ళీ పూజలో పెట్టింది. ఏటా శ్రావణ శుక్రవారానికి దాన్ని తోమే పని ఇప్పుడు మా ఆవిడది.