ఒక జూల్‌కు దిగువన

జపాన్‌కీ తుపాకులకీ ముడిపెట్టి మన పత్రికల్లో వచ్చే కబుర్లు రెండే. ఇక్కడ ఎవరి దగ్గరా తుపాకీ ఉండదన్నది ఒకటి. 2022 జూలై 8న నారా నగరంలో మాజీ ప్రధాని షింజో అబేని ఇంట్లో తయారుచేసుకున్న తుపాకీతో కాల్చి చంపారన్నది రెండోది. మూడో సంగతి ఒకటుంది, దాని జోలికి ఎవరూ వెళ్లరు. అసలు తుపాకీని ఇంతగా కట్టడి చేసిన ఈ దేశమే అచ్చం తుపాకీలా ఉండే బొమ్మని తయారుచేసి, దానితో ఆడే ఆటని లోకానికంతా అమ్మింది. టోక్యోలోని అకిహబారాకి వెళితే ఎలక్ట్రానిక్స్ దుకాణాల మధ్యే అద్దాల బీరువాల్లో ఎం-4లూ, ఏకే-47లూ, గ్లాక్ పిస్తోళ్లూ బారులు తీరి కనిపిస్తాయి. నలుపు రంగు, బరువు, మీట నొక్కితే వచ్చే చప్పుడు, అన్నీ అసలుదానికి దగ్గరగానే ఉంటాయి. గొట్టంలోంచి వచ్చేది మాత్రం 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు. కొనడానికి లైసెన్సు అక్కర్లేదు, వయసు చూస్తారంతే. ఇదే ఎయిర్‌సాఫ్ట్. వీటితో జట్లుగా విడిపోయి ఆడే ఆటని ఇక్కడ సర్వైవల్ గేమ్ అంటారు. చట్టం బిగిస్తే సరదాలు చచ్చిపోతాయని ప్రతి దేశంలోనూ ఈ ఆట ఆడేవాళ్లు వాపోతుంటారు. జపాన్ చరిత్ర చూస్తే నాకు దానికి విరుద్ధమైన సంగతే కనిపిస్తుంది. ఇక్కడ ఈ ఆటని కన్నది చట్టమే, పెంచిందీ చట్టమే. అసలు తుపాకీ మీద పట్టు ఎంత గట్టిగా ఉంటే బొమ్మకి అంత స్వేచ్ఛ దొరికింది.

ఇందుకు కొంచెం వెనక్కి వెళ్లాలి. 1543లో తనెగషిమా దీవికి చేరిన పోర్చుగీసువాళ్ల ద్వారా జపాన్‌కి తుపాకీ వచ్చింది. కొద్ది దశాబ్దాల్లోనే ఇక్కడి కమ్మరులు వాటిని వేల సంఖ్యలో తయారుచేశారు, యుద్ధాల తీరే మారిపోయింది. 1588లో అప్పటి పాలకుడు తొయొతొమి హిదెయొషి రైతుల దగ్గరున్న కత్తులూ, ఈటెలూ, తుపాకులూ జప్తు చెయ్యమని ఆజ్ఞ జారీచేశాడు. ఆ తర్వాత జపాన్ తుపాకీని పూర్తిగా వదిలేసిందని ఒక అందమైన కథ ప్రచారంలో ఉంది, మనవాళ్లు కూడా అప్పుడప్పుడు చెబుతుంటారు. అది నిజం కాదు. ఎడో కాలంలో పల్లెల్లో అడవిపందుల్నీ జింకల్నీ పొలాల్లోంచి తరమడానికి రైతుల దగ్గర తుపాకులు ఉంటూనే వచ్చాయి. తేడా ఏమిటంటే ఏ తుపాకీ ఎవరి దగ్గర ఉందో, ఎందుకు ఉందో ప్రభుత్వం లెక్క రాసుకునేది. ఆయుధం ఉండటం తప్పు కాదు, లెక్కలో లేకపోవడం తప్పు. 1876లో సమురాయ్‌లు నడుముకి కత్తి కట్టుకుని తిరగడాన్ని కూడా మెయిజీ ప్రభుత్వం నిషేధించింది. రెండో ప్రపంచయుద్ధంలో ఓడాక అమెరికా సేనల పాలనలో, 1946లో, పౌరులు తుపాకులు ఉంచుకోవడాన్ని నిషేధించారు. ఈ వరసలోనే 1958లో వచ్చింది ఇప్పటికీ అమల్లో ఉన్న తుపాకుల, కత్తుల చట్టం. దాని ప్రకారం మామూలు మనిషికి పిస్తోలు దొరకదు. వేటకో గురి పోటీలకో షాట్‌గన్ కావాలంటే రాతపరీక్ష, గురి పరీక్ష, డాక్టరు సర్టిఫికెట్టు, ఇరుగుపొరుగుని కూడా పోలీసులు విచారించడం, ఇంట్లో తాళం వేసిన పెట్టె, ఏటా తనిఖీ, ఇన్ని దాటాలి. పదేళ్లపాటు షాట్‌గన్‌ని పద్ధతిగా ఉంచుకున్నవాడికే రైఫిల్ అడిగే అర్హత.

అసలుది చేతికి అందకపోతే పోలినదాని మీద మోజు పెరుగుతుంది. 1960లలో హాలీవుడ్ వెస్టర్న్ సినిమాలూ, ఇక్కడి గూండా సినిమాలూ ఆ మోజుని రెచ్చగొట్టాయి. జింక్ మిశ్రలోహంతో, లోపలి మీటలూ స్ప్రింగులూ సహా అసలు పిస్తోలుని పోలిన మోడల్ గన్‌లు బజారులోకి వచ్చాయి. ఇవి గుండు పేల్చవు. మన దీపావళి రీలు తుపాకీలాగా లోపల మందుబిళ్ల ఢామ్మంటుంది, అంతే. కానీ నల్లటి లోహపు పిస్తోలు చూపిస్తే బ్యాంకు గుమాస్తాకి తేడా ఏం తెలుస్తుంది? 1970 మార్చిలో ఎర్రసైన్యం అనే తీవ్ర వామపక్ష దళపు యువకులు జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని హైజాక్ చేసి ఉత్తర కొరియాకి తీసుకెళ్లారు. వాళ్ల చేతుల్లోని పిస్తోళ్లు బొమ్మలేనని తర్వాత తేలింది. 1971లో చట్టాన్ని సవరించారు. లోహపు పిస్తోలు బొమ్మకి గొట్టం పూర్తిగా మూసి ఉండాలి, ఒళ్లంతా తెలుపో పసుపో రంగు ఉండాలి. తయారీదారులు బంగారు పూత కూడా పసుపే కదా అన్నారు, పోలీసులు సరేనన్నారు. ఆ రోజుల నాటి మోడల్ పిస్తోళ్లు పెళ్లిలో బహుమతుల్లా ధగధగా మెరుస్తూ ఉండటం వెనక ఉన్నది సౌందర్య దృష్టి కాదు, ఈ నిబంధనే. 1977లో మరో సవరణ వచ్చి లోహపు మోడళ్ల మీద పట్టు ఇంకా బిగించింది.

నా వాదనకి మొదటి ఆధారం ఇక్కడుంది. 1971 నాటి రంగు నిబంధన లోహానికే వర్తిస్తుంది. ప్లాస్టిక్ గురించి చట్టం ఏమీ అనలేదు. దాంతో తయారీదారులు ఏబీఎస్ ప్లాస్టిక్‌కి మళ్లారు. ప్లాస్టిక్ బొమ్మ నల్లగా ఉండొచ్చు, అసలుదానిలా కనిపించొచ్చు. తేలికైన ప్లాస్టిక్ ఒంటిలో స్ప్రింగు పెట్టి, గాలి ఒత్తిడితో చిన్న ప్లాస్టిక్ గుండుని విసిరే యంత్రం అమర్చడం తర్వాతి మెట్టు. 1980లలో టోక్యో మారుయి లాంటి కంపెనీలు వీటిని పిల్లలు కూడా కొనగల ధరకి తెచ్చాయి. 1991లో అదే మారుయి ఫ్రెంచి సైన్యపు ఫామాస్ రైఫిల్ నమూనాలో బ్యాటరీతో నడిచే తుపాకీ విడుదల చేసింది. మోటారు పళ్లచక్రాల్ని తిప్పుతుంది, చక్రాలు పిస్టన్‌ని వెనక్కి లాగుతాయి, స్ప్రింగు దాన్ని ముందుకి నెడుతుంది, గాలి గుండుని తోస్తుంది. ఈరోజు వార్సాలోనో మనీలాలోనో ఎవరైనా ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్ విప్పి చూస్తే లోపల ఉండేది చాలావరకు ఆ మారుయి గేర్‌బాక్సు వంశమే. శక్తి తక్కువ కాబట్టి దూరం ఎలా సాధించాలన్న ప్రశ్నకి ఇక్కడి ఇంజనీర్లు చెప్పిన జవాబు కూడా చూడదగ్గది. గొట్టం మొదట్లో పైన చిన్న రబ్బరు ముక్క ఉంటుంది. గుండు దాన్ని ఒరుసుకుంటూ వెళ్లేటప్పుడు వెనక్కి గిర్రున తిరుగుతుంది. ఆ తిరుగుడు వల్ల గాలి గుండుని పైకి లేపి పట్టుకుంటుంది, దెబ్బలో జోరు పెరగకుండానే దూరం పెరుగుతుంది. హాప్-అప్ అనే ఈ కిటుకు కట్టడి మధ్య పుట్టిన తెలివి.

ఇంతవరకూ ఒక లొసుగు మిగిలే ఉంది. ప్రాణం తీయగల ఎయిర్‌గన్‌కి లైసెన్సు కావాలి, దానికి దిగువన ఉన్నదంతా బొమ్మే. మధ్యలో ఎంత జోరుగా కొట్టేలా మార్చుకున్నా పట్టుకోవడానికి చట్టంలో అంకె లేదు. తయారీదారుల సంఘాలు తమలో తాము హద్దులు పెట్టుకున్నాయి గానీ స్ప్రింగు మార్చి అమ్మేవాళ్లని ఆపలేకపోయాయి. 2005లో వకయామా పరిసరాల హైవేల మీద పోతున్న కార్ల అద్దాలు ఇలాంటి తుపాకులతో పగలగొట్టారు. మరుసటి ఏడాదే చట్టాన్ని సవరించారు, 2006 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. గుండు అడ్డుకోత వైశాల్యంలో చదరపు సెంటీమీటరుకి 3.5 జూళ్లు దాటితే అది ఉపఎయిర్‌గన్, దగ్గర ఉంచుకోవడమే నేరం. 6 మిల్లీమీటర్ల గుండుకి లెక్కకడితే 0.99 జూల్‌కి కాస్త తక్కువ. ఆటలో వాడే 0.2 గ్రాముల గుండు సెకనుకి సుమారు 99 మీటర్లు దాటకూడదన్నమాట. దాటితే ఏడాది దాకా జైలు, లేదా 3 లక్షల యెన్‌ల దాకా జరిమానా. ఈ అంకె ఎలా పనిచేస్తుందో టోక్యో పక్కనున్న చిబా ప్రాంతపు మైదానాల్లో పొద్దున్నే కనిపిస్తుంది. ఆట మొదలయ్యేముందు ప్రతి ఒక్కరూ తుపాకీ పట్టుకుని బల్ల దగ్గర వరసలో నిలబడతారు. అరచేతిలో పట్టే వేగమాపకం గుండా కాల్చి చూపించాలి. తెర మీద అంకె హద్దులో ఉంటేనే తుపాకీకి ఆ రోజుకి గుర్తు కడతారు. గ్యాస్‌తో నడిచే పిస్తోళ్లున్నవాళ్లు ఎండాకాలంలో కాస్త బెంగపడతారు, వేడికి గ్యాస్ ఒత్తిడి పెరిగి అంకె ఎగబాకుతుంది కాబట్టి. వాదనలుండవు. అంకెతో ఎవరు వాదిస్తారు?

ఇప్పుడు ఇతర దేశాల కేసి చూద్దాం. బ్రిటన్ 2006లో చేసి మరుసటి అక్టోబరు నుంచి అమలుచేసిన చట్టం అసలు తుపాకీని పోలిన బొమ్మల అమ్మకాన్నీ దిగుమతినీ నిషేధించింది. ఎయిర్‌సాఫ్ట్ ఆటగాళ్లకి మినహాయింపు దొరికింది గానీ, తాను నిజంగా ఆటగాణ్ణని చూపించుకోవాలి, లేదంటే నీలమో గులాబీయో కొట్టొచ్చినట్టుండే రంగు పూసిన తుపాకీ కొనుక్కోవాలి. శక్తికి అంకె వాళ్లు 2017లో గానీ రాసుకోలేదు. అమెరికా సంగతి మరీ విచిత్రం. అక్కడ అసలు తుపాకీ అంగట్లో దొరుకుతుంది, బొమ్మకి మాత్రం మూతికి నారింజ రంగు ముక్క ఉండాలని 1989 నుంచి కేంద్ర నిబంధన. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలుతో పార్కులో ఆడుకుంటున్న పన్నెండేళ్ల టమీర్ రైస్‌ని పోలీసు కారు దిగిన రెండు సెకన్లలోపే కాల్చాడు. ఆ బొమ్మకి నారింజ ముక్క లేదు. ఉన్నా బతికేవాడా అన్నది నాకు అనుమానమే. ప్రతి నడుముకీ తుపాకీ ఉండొచ్చని భయపడే సమాజంలో బొమ్మకి ఏ రంగు వేసినా ఆ భయం పోదు. టోక్యోలో రైఫిల్ ఆకారపు సంచి భుజాన వేసుకుని రైలెక్కితే (సంచిలోంచి తీయనంతవరకూ) పక్కవాడు ఫోను లోంచి తల కూడా ఎత్తడు. ఇటీవలి చాలా ఏళ్లలో ఇక్కడ తుపాకీ మరణాలు ఏడాదికి పది లోపే. ఆ భరోసా బొమ్మకి గొడుగు పట్టింది.

దీనికి మొదట వచ్చే ఎదురుమాట, జపాన్‌వాళ్లు పుట్టుకతోనే క్రమశిక్షణ కలవాళ్లు, చట్టంతో పనేముందని. ఇక్కడ కొన్నాళ్లుండి తిరిగొచ్చిన మనవాళ్లు కూడా ఈ పాటే పాడతారు. నాకు నచ్చని పాట ఇది. బొమ్మ పిస్తోలుతో బెదిరించినవాళ్లూ, హైవే మీద అద్దాలు పగలగొట్టినవాళ్లూ ఈ దేశస్థులే. క్రమశిక్షణ ముందు పుట్టి చట్టం దాన్ని రాసుకోలేదు. 1971, 1977, 2006 సవరణల వెనక ఎవరో ఒకరు చేసిన ఆకతాయి పనో, నేరమో ఉంది. రెండో అభ్యంతరానికి బలం ఉంది. 2006 చట్టం అమల్లోకి వచ్చిన రోజున, ఎవరికీ హాని చెయ్యకుండా అటకమీద ఉన్న, హద్దు దాటిన పాత తుపాకులు సైతం నేరవస్తువులయ్యాయి. వాటిని వదిలించుకోవడానికో శక్తి తగ్గించుకోవడానికో యజమానులకి దొరికిన గడువు ఆరు నెలలు. అంతకుముందు 1977లో లోహపు మోడళ్లలో చేయి తిరిగిన పనివాళ్ల కళ కూడా ఇలాగే కుంచించుకుపోయింది. ఈ నష్టం నిజం, దాన్ని కొట్టిపారేయడం అన్యాయం. అయినా ఆ కొద్దిమంది నష్టానికి బదులుగా ఆట మొత్తం నిషేధం నుంచి తప్పించుకుంది. అంకె లేకుండా ఇంకో రెండు మూడు హైవే ఘటనలు జరిగి ఉంటే పార్లమెంటు గొడ్డలి పట్టుకునేదేగానీ కొలబద్ద పట్టుకునేది కాదు.

మూడోది అబే హత్య. ఇంత కట్టడి ఉండి ఏం లాభమని అప్పట్లో చాలామంది అడిగారు. హంతకుడు వాడింది గొట్టాలు బిగించి సొంతంగా చేసుకున్న తుపాకీ. బొమ్మ తుపాకీల దుకాణాల వైపు వేలెత్తి చూపించే అవకాశమే లేదు, ప్రభుత్వమూ చూపించలేదు. 2024లో చేసిన సవరణ తుపాకీ తయారీ వివరాలు చెప్పి అక్రమంగా ఉంచుకోమని ఉసిగొల్పేవాళ్లమీదా, విద్యుదయస్కాంతంతో పేల్చే తుపాకుల మీదా, 2023లో నగానోలో జరిగిన కాల్పుల దరిమిలా హాఫ్ రైఫిళ్ల (గొట్టంలో కొంతభాగానికే మెలిగాళ్లుండే వేటతుపాకుల) మీదా పడింది. 0.99 జూల్ గీత మాత్రం అక్కడే ఉంది. ప్రమాదం ఎక్కడుందో అక్కడే చట్టం చెయ్యి వేసింది. గీత ముందే స్పష్టంగా ఉండబట్టే ఆ కోపం బొమ్మల మీదకి మళ్లలేదని నా నమ్మకం.

మన దేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం 0.177 అంగుళం మించని ఎయిర్‌గన్‌కి 20 జూళ్ల దాకా లైసెన్సు అక్కర్లేదు. జపాన్‌లో బొమ్మ హద్దుకి అది ఇరవై రెట్లు. అందుకని ఒక్క మాట. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఇక్కడికి చదువుకోడానికో ఉద్యోగానికో వచ్చే కుర్రాళ్లు పెట్టెలో ఎయిర్‌గన్ పెట్టుకోకండి. అమెరికాలో ఉన్న మీ అన్న వాడిన ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్ కూడా తెచ్చుకోకండి. అక్కడి మైదానాల్లో మామూలుగా ఆడేవాటిలో చాలా తుపాకులు ఈ గీత దాటే ఉంటాయి, ఇక్కడ విమానాశ్రయం దాటించినా దగ్గర ఉన్నంతకాలం నేరమే. ఆడాలని సరదా ఉంటే ఉత్త చేతులతో రండి, చిబా మైదానాల్లో తుపాకీ, కళ్లద్దాలు, బట్టలతో సహా అద్దెకిస్తారు.