డయాలిసిస్ వెంట నిలిచిన దురద

దురదకు మన భాషలో పేర్ల కొదవ లేదు. నవ, తీట, జిల. సంస్కృతం నుండి కండూతి. కావ్యవీరులకు భుజకండూతి ఉండేది, అది యుద్ధంతో తీరేది. మూత్రపిండాలు చెడి డయాలిసిస్ చేయించుకొనేవారి కండూతికి అంత సులువైన ఉపశమనం లేదు. మా నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు అలాంటివారిని చూసి "గజ్జి పట్టినట్టుంది" అంటూ తువ్వాలు, మంచం వేరు చేసే ఇళ్ళున్నాయి. ఈ టపాకు కారణం అదే. ఇది అంటువ్యాధి కాదు.

1827లో లండనులో రిచర్డ్ బ్రైట్ మూత్రపిండాల వ్యాధిని విశదంగా వర్ణించాడు గాని, చికిత్స ఎరుగడు. ఆ శతాబ్దపు వైద్యులు అవసానదశలోని రోగుల ముఖంపై ఒక తెల్లని పొడి చూసేవారు. రక్తంలో మితిమీరిన యూరియా చెమటతో వెలువడి, చెమట ఆరగానే స్ఫటికాలై నిలిచేది. చౌడునేలపై తేలిన ఉప్పుపూత చూసినవారికి వేరే ఉపమానం అక్కరలేదు. అది కనబడిందంటే మృత్యువు సమీపించినట్లే.

1943లో, నాజీల ఆక్రమణలో ఉన్న హాలెండులో, విలెం కోల్ఫ్ సాసేజీలకు తొడిగే సెల్లోఫేను గొట్టంతో కృత్రిమ మూత్రపిండాన్ని నిర్మించాడు. అయితే ప్రతిసారీ కొత్త రక్తనాళాన్ని కోయవలసి వచ్చేది గనుక అది కొద్దిరోజుల చికిత్సగానే మిగిలింది. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతికి శాశ్వతంగా ఒక టెఫ్లాన్ గొట్టం అమర్చాడు. ఆయన తొలి రోగి క్లైడ్ షీల్డ్స్ మరి పదకొండేళ్ళు జీవించాడు. 1966లో ధమనిని, సిరను కలిపే ఫిస్టులా వచ్చింది. మన రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకూ ఈ చికిత్సను చేరువ చేసింది.

తెల్లని పొడి దాదాపు కనుమరుగైంది. దురద మాత్రం పోలేదు. ఏళ్ళ తరబడి బ్రతుకుతున్నవారికి అదీ ఏళ్ళ తరబడి తోడైంది. స్వేదగ్రంథులు కుంచించుకుపోయి, చర్మం వేసవిలో కుందూ ఒడ్డు నల్లరేగడిలా నెర్రెలిస్తుంది. రంగు నల్లబడుతుంది. ఫాస్ఫరస్ పెరగడం, శరీరంలో వాపు, నాడుల వికారం, ఇలా కారణాలు అనేకం. ఏ ఒక్కదానినీ మూలమని తేల్చలేకపోయారు. 1968లో పారాథైరాయిడ్ గ్రంథులు తొలగించి చూశారు, 1977లో అతినీలలోహిత కిరణాలు ప్రయోగించారు. 2021లో అమెరికాలో ప్రత్యేకంగా ఈ దురదకే ఒక ఇంజెక్షనుకు అనుమతి లభించింది.

ఇంత జరిగినా రోగి నోరు విప్పడు. 2006లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం హీమోడయాలిసిస్ రోగులలో 42 శాతం మందికి ఓ మోస్తరు నుండి తీవ్రమైన దురద ఉన్నదని చెప్పింది. అది నిద్రను హరిస్తుంది. దురద ఎక్కువైనవారిలో మరణాలూ ఎక్కువే.

ఆళ్ళగడ్డలో శిల్పాలు చెక్కే నా పూర్వశిష్యుడొకడు నలభై కిలోమీటర్లు బస్సులో నంద్యాలకు వచ్చి డయాలిసిస్ చేయించుకొంటాడు. రాతిదుమ్ము వల్లనేమో అనుకొని ఆరునెలలు ఓర్చుకొన్నాడు. డాక్టరుకు చెప్పలేదేమని అడిగితే, "ప్రాణం నిలబెట్టినాయనతో దురద సంగతేం చెప్పేది అయ్యవారూ?" అన్నాడు. మందుల దుకాణంలో ఇచ్చిన స్టెరాయిడ్ లేపనం రాసుకొంటూ, ఫిస్టులా ఉన్న చేతినే గోళ్ళతో గీరుకొంటున్నాడు. అక్కడ పుండై చీముపడితే అది నేరుగా రక్తంలోకే పోతుంది. చివరకు చెప్పాడు. ఫాస్ఫరస్ పరీక్షించి, భోజనంతో వేసుకొనే మాత్ర మార్చారు, స్నానం తడి ఆరకముందే ఒంటికి నూనె రాయమన్నారు. ఇప్పుడు రాత్రి నాలుగు గంటలు నిద్ర పడుతోందట.